చివరి నుంచి విప్పుదాం: జావాస్క్రిప్ట్ అర్రేల కోసం ఒక చిన్న ఫంక్షన్

(అనంతపురంలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి, స్క్రీన్ మీద అక్షరాలు కాస్త చిన్నవిగా ఉన్నాయి.

ఈ రోజు ఏ ఫ్రేమ్‌వర్క్ గురించీ మాట్లాడడం లేదు. ఐదారు లైన్ల ఫంక్షన్ ఒకటి రాద్దాం. అర్రేలో, అంటే విలువల వరుసలో, చివర ఉన్న రెండు మూడు విలువలను బయటికి తీసి, వాటికి పేర్లు పెట్టే ఫంక్షన్. ఇంత చిన్నదానికి గంట ఎందుకని మీకు అనిపించవచ్చు. ఐదు లైన్లలో ఎన్ని నిర్ణయాలు దాగి ఉంటాయో మీరు చూడాలని నా కోరిక. డేటాలో ఏ వైపు కుదురుగా ఉంటుందో ఆ వైపు నుంచే చదవాలి. జావాస్క్రిప్ట్ సింటాక్స్ మాత్రం మనల్ని ముందు వైపు నుంచే చదవమంటుంది. ఇవాళ్టి పనంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

స్లైడ్ల మీద వేరియబుల్స్‌కి తెలుగు పేర్లే పెట్టాను. జావాస్క్రిప్ట్ దీన్ని ఒప్పుకుంటుంది. ఒత్తులు, గుణింతాలు ఉన్న పేర్లతో కూడా కోడ్ చక్కగా నడుస్తుంది. ఇంటికెళ్లి బ్రౌజర్ కన్సోల్‌లో చూసుకోండి.

మన ఊళ్ల అడ్రసులే ఉదాహరణగా తీసుకుందాం. ఒకరు ఇలా రాస్తారు: "కమలానగర్, అనంతపురం, 515001". ఇంకొకరు డోర్ నంబరుతో మొదలుపెట్టి, ఫలానావారి ఇంటి పైన మేడ, శివాలయం ఎదురు సందు, పాత బస్టాండు దగ్గర, తాడిపత్రి అని అంతా రాసి, చివర అనంతపురం జిల్లా, 515411 అని ముగిస్తారు. కామా దగ్గర స్ప్లిట్ చేస్తే మొదటిదానికి మూడు ముక్కలు వస్తాయి, రెండోదానికి ఏడో ఎనిమిదో. ముందు వైపు ఏ స్థానంలో ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. చివరి ముక్క మాత్రం పిన్ కోడ్, దాని ముందుది జిల్లా. ఎవరు ఎంత వివరంగా రాసినా ఆ రెండూ అక్కడే ఉంటాయి.

ఇక్కడ పిన్ గురించి ఒక మాట చెప్పాలి. 1972 ఆగస్టు 15న మొదలైన పద్ధతి ఇది. ఆరు అంకెల్లో మొదటి మూడూ ఉత్తరాలు వేరుచేసే జిల్లాను చెబుతాయి: 515 అనంతపురం, 516 కడప, 518 కర్నూలు. మిగతా మూడు అంకెలు పోస్టాఫీసువి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు విడిపోయాయి. హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, పిన్ మాత్రం 515201గానే ఉంది. కాబట్టి పాత అప్లికేషన్లలోనూ కొత్తవాటిలోనూ జిల్లా అనే ముక్క స్థానం అదే, అందులోని పేరు మాత్రం వేరు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ తేడా తెలియాలి. ముక్క ఎక్కడుందో చెప్పేది మన ఫంక్షన్ పని. అందులోని పేరు సరైనదో కాదో తేల్చడం వేరే పని, ఆ రెండింటినీ ఒకే ఫంక్షన్‌లో కుక్కొద్దు.

సరే, కోడ్‌లోకి వద్దాం. 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ ప్రమాణం వచ్చినప్పటి నుంచి మనకు డీస్ట్రక్చరింగ్, అంటే అర్రేని విప్పి విలువలకు పేర్లు పెట్టే పద్ధతి, ఉంది. ఇలా రాస్తాం:

[మొదటిది, రెండోది, ...మిగతావి] = ముక్కలు

మొదటి రెండూ వాటి పేర్లలోకి వెళ్తాయి, మూడు చుక్కలు పెట్టిన పేరులోకి మిగిలినవన్నీ ఒక కొత్త అర్రేగా వెళ్తాయి. బాగుంది. మరి చివరివి కావాలంటే దీన్నే తిరగేసి రాద్దామని ఎవరికైనా అనిపిస్తుంది:

[...ముందువి, జిల్లా, పిన్] = ముక్కలు

ఇది సింటాక్స్ ఎర్రర్. రెస్ట్ ఎలిమెంట్, అంటే మూడు చుక్కల పేరు, చివరే ఉండాలి అంటుంది ఇంజిన్. ప్రోగ్రాం నడవడం కూడా మొదలుకాదు, చదివేటప్పుడే ఆగిపోతుంది. పైథాన్‌లో ఇదే పని 3.0 వెర్షన్ నుంచి, అంటే 2008 నుంచి, ఒక్క నక్షత్రం గుర్తుతో అయిపోతుంది. రూబీలోనూ కుదురుతుంది. జావాస్క్రిప్ట్‌గా మారే కాఫీస్క్రిప్ట్‌లో కూడా మూడు చుక్కలు మధ్యలో పెట్టుకోవచ్చు.

మరి ఇక్కడ చిక్కు ఏమిటి? డీస్ట్రక్చరింగ్‌కి కుడి వైపు చదరపు బ్రాకెట్లలో రాసిన అర్రేనే ఉండాలని లేదు. స్ట్రింగ్, మ్యాప్, సెట్, జనరేటర్, విలువలను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్‌ని ఇవ్వగలిగింది ఏదైనా ఉండవచ్చు. ఇటరేటర్‌ని మనం అడగగలిగేది ఒక్కటే: తర్వాతది ఇవ్వు. ఆర్టీసీ బస్సులో కండక్టర్ ముందు సీటు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడనుకోండి, బస్సులో ఎంతమంది ఉన్నారో ఆయనకు వెనక సీటు చేరాకే తెలుస్తుంది. ఇటరేటర్ సంగతీ అంతే. లెంగ్త్ తెలియదు, వెనక్కి నడవలేదు. చివరిది కావాలంటే మొత్తం ఖాళీ అయ్యేదాకా అడుగుతూనే ఉండాలి. పైథాన్ అలాగే చేస్తుంది, అన్నీ లిస్టులోకి తెచ్చుకుని అప్పుడు పంచుతుంది. జావాస్క్రిప్ట్‌లో రెండు వైపుల నుంచీ అడగగలిగే ఇటరేటర్ కావాలన్న ప్రతిపాదన ఒకటి భాష ప్రమాణాన్ని తయారుచేసే టీసీ39 కమిటీలో మొదటి దశ దాకా వచ్చింది. అది భాషలోకి వచ్చేదాకా మన పని మనం చేసుకోవాలి.

ఇప్పటికే ఉన్న దారులు చూద్దాం. మైనస్ ఒకటి అని ఇండెక్స్ ఇస్తే పైథాన్ అలవాటున్నవాళ్లు చివరిది వస్తుందనుకుంటారు. జావాస్క్రిప్ట్‌లో అన్‌డిఫైన్డ్, అంటే విలువ లేదు అని, వస్తుంది. ఎందుకంటే అక్కడ ఇండెక్స్ అంటే ఒక ప్రాపర్టీ పేరు, "-1" అనే పేరుతో ప్రాపర్టీ ఏదీ లేదు కదా. లెంగ్త్ మైనస్ ఒకటి అని రాయడం పాత పద్ధతి, ఎక్కడైనా పనిచేస్తుంది. 2022 ప్రమాణంలో ఎట్ అనే మెథడ్ వచ్చింది, దానికి మైనస్ ఒకటి ఇస్తే నిజంగానే చివరిది ఇస్తుంది. మీకు చివరిది ఒక్కటే కావాలంటే ఎట్ వాడేసి హాయిగా ఇంటికెళ్లిపోండి, మన ఫంక్షన్ అవసరమే లేదు.

పాప్ సంగతి వేరు. అది చివరిదాన్ని ఇస్తుంది, ఇస్తూ అర్రేలోంచి పీకేస్తుంది. అడ్రసు ముక్కల అర్రేని మీ ఫంక్షన్‌కి పంపిన మనిషి, ఆ తర్వాత అదే అర్రేతో కవరు మీద అడ్రసు ప్రింట్ చేస్తాడు. చూస్తే పిన్ లేదు! ఎక్కడ పోయిందో వెతకడానికి అతనికి సాయంత్రం దాకా పడుతుంది, ఎందుకంటే తప్పు అతని కోడ్‌లో లేదు, మీ ఫంక్షన్‌లో ఉంది. కాన్‌స్ట్ పెట్టాను కదా అంటారేమో. కాన్‌స్ట్ పేరుని కాపాడుతుంది, అర్రే లోపలి సరుకుని కాపాడదు. రివర్స్, స్ప్లైస్ కూడా పాప్ బాపతే, చేతికిచ్చిన అర్రేనే మారుస్తాయి. చదవడానికి వచ్చిన ఫంక్షన్ చదివి వెళ్లాలి, ఇంట్లో సామాను సర్దకూడదు. దీని మీద నేను గట్టిగా ఉంటాను. రివర్సే కావాలంటే కాపీ తీసుకుని తిప్పండి, లేదా 2023లో వచ్చిన టురివర్స్‌డ్ వాడండి, అది కొత్త అర్రే ఇస్తుంది.

ఇప్పుడు మన ఫంక్షన్. పేరు తోక. ఇలా వాడాలని ఉంది:

[మిగతా, జిల్లా, పిన్] = తోక(ముక్కలు, 2)

రెండు అంటే చివరి నుంచి ఎన్ని విడిగా కావాలో చెప్పే సంఖ్య. ముందున్నవన్నీ ఒక అర్రేగా మిగతా అనే పేరులోకి, తర్వాత జిల్లా, ఆ తర్వాత పిన్, కాగితం మీద ఉన్న వరుసలోనే. చదివేవాడికి వరుస తిప్పుకునే శ్రమ ఉండకూడదు.

లోపల ఏం రాయాలి? అందరికీ ముందు తట్టేది, అర్రేలో కొంత భాగాన్ని కాపీగా కోసి ఇచ్చే స్లైస్. స్లైస్‌కి మైనస్ రెండు ఇస్తే చివరి రెండూ వస్తాయి. సంఖ్య వేరియబుల్‌లో ఉంటే మైనస్ ఎన్ అని రాస్తాం. ఇక్కడ ఆగండి. ఎన్ సున్నా అయితే?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధరలు చూపించే పేజీ ఒకటి ఊహించుకోండి. రోజువారీ ధరలు ఒక అర్రేలో ఉన్నాయి. చివరి ఎన్ని రోజులవి కావాలో రైతు ఎంచుకుంటాడు. ఏడు అంటే ఏడు వచ్చాయి. మూడు అంటే మూడు వచ్చాయి. ఎవరో సున్నా పెట్టారు. మైనస్ సున్నా అన్నా సున్నా అన్నా స్లైస్‌కి ఒకటే. సున్నా నుంచి స్లైస్ అంటే మొదటి నుంచి చివరి దాకా. ఏమీ రాకూడని చోట సంవత్సరం ధరలన్నీ స్క్రీన్ మీద కుమ్మరించినట్టు వచ్చి పడతాయి. ఎర్రర్ రాదు, కన్సోల్‌లో ఎర్ర గీత కనిపించదు. టెస్టింగ్‌లో ఒకటి, రెండు, ఏడు పెట్టి చూసినవాళ్లకు ఇది దొరకదు.

అందుకని మైనస్ ఎన్ మానేసి, లెంగ్త్ లోంచి ఎన్ తీసేసి కోత స్థానం లెక్కేద్దాం. పది ధరలున్నాయి, ఎన్ సున్నా, కోత పది దగ్గర పడుతుంది, పది నుంచి స్లైస్ చేస్తే ఖాళీ అర్రే. ఒక గుంత పూడింది. ఇప్పుడు మూడే ధరలున్నాయి, ఎన్ ఐదు అనుకోండి. మూడు లోంచి ఐదు పోతే మైనస్ రెండు. స్లైస్‌కి మైనస్ రెండు అంటే చివరి రెండు! ఉన్న మూడూ రావాల్సిన చోట రెండే వచ్చాయి, మొదటిది మిగతా అర్రేలోకి జారిపోయింది. ఒక గుంత పూడ్చే మట్టి కోసం పక్కనే ఇంకో గుంత తవ్వామన్నమాట. మందు తేలికే. కోత స్థానం సున్నా కంటే తగ్గకుండా, రెండింటిలో పెద్దదాన్ని ఇచ్చే మ్యాథ్ మ్యాక్స్ పెట్టాలి. కోత తేలాక, సున్నా నుంచి కోత దాకా ఒక స్లైస్, కోత నుంచి చివరి దాకా ఇంకో స్లైస్. మొదటిదాన్ని అర్రేగానే ఉంచి, రెండోదాన్ని మూడు చుక్కలతో విప్పి దాని పక్కన పెట్టి తిరిగి పంపడమే.

అయిపోయిందా? లేదు. ఎవరో ఫారంలో "515001" అని పిన్ ఒక్కటే రాసి పంపారు. ముక్కల్లో ఉన్నది ఒకటే, మనం అడిగింది రెండు. ఇప్పటిదాకా రాసిన కోడ్ ఆ ఒక్కదాన్నీ జిల్లా అనే పేరులో పెడుతుంది, పిన్ అన్‌డిఫైన్డ్ అవుతుంది. ఎందుకంటే డీస్ట్రక్చరింగ్ మళ్లీ ఎడమ నుంచే నింపుతుంది కదా. చివరి నుంచి చదువుతామని మాటిచ్చిన ఫంక్షన్ చివరిదాన్నే తప్పు పేరులో పెట్టింది. ఇలా ముక్కలు తక్కువైనప్పుడు పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. జావాస్క్రిప్ట్ తీరు అది కాదు, లేనిదాన్ని అన్‌డిఫైన్డ్‌గా వదులుతుంది. నేను ఈ భాష తీరునే పాటిస్తాను. తక్కువ పడ్డన్ని అన్‌డిఫైన్డ్‌లను తోకకి ముందు వైపు చేరుస్తాను. అప్పుడు పిన్ తన స్థానంలో ఉంటుంది, జిల్లా ఖాళీగా ఉంటుంది. దీనివల్ల ఇంకో మేలుంది. జిల్లా = "అనంతపురం" అని డీఫాల్ట్ పెట్టుకుంటే అది పనిచేస్తుంది, ఎందుకంటే డీఫాల్ట్ విలువ అన్‌డిఫైన్డ్ ఉన్నచోటే దిగుతుంది.

ఉన్నచోటే అన్నాను, గమనించారా? ఖాళీ స్ట్రింగ్ ఉంటే డీఫాల్ట్ దిగదు. నల్ ఉన్నా దిగదు. అడ్రసు చివర అలవాటుగా ఒక కామా పెట్టేవాళ్లు ఎంతమంది లేరు! స్ప్లిట్ చేస్తే ఆ కామా తర్వాత ఒక ఖాళీ స్ట్రింగ్ పుడుతుంది, అదే చివరిది అవుతుంది, అదే పిన్ అవుతుంది. కాబట్టి ముక్కలను ట్రిమ్ చేసి, ఖాళీవి ఫిల్టర్ చేసి, అప్పుడే తోకకి ఇవ్వాలి. ఈ శుభ్రం చేసే పని తోక లోపల పెట్టొద్దు. వేరే డేటాలో ఖాళీ స్ట్రింగ్‌కి అర్థం ఉండవచ్చు.

కొందరు జిల్లా పేరు తర్వాత కామా బదులు గీత పెట్టి పిన్ రాస్తారు. అయితే గీత దగ్గర కూడా స్ప్లిట్ చేద్దామంటే డోర్ నంబర్లు ముక్కలైపోతాయి, వాటి నిండా గీతలే. అక్కడా చివరి నుంచే పోవాలి: చివరి ముక్క తీసుకుని, లాస్ట్‌ఇండెక్స్‌ఆఫ్‌తో చివరి గీత ఎక్కడుందో చూసి, దాని తర్వాత సరిగ్గా ఆరు అంకెలు ఉంటేనే విడదీయాలి.

మిగతా అర్రే అక్కర్లేదు, చివరి రెండే చాలు అనుకుంటే ఇంకో దారి ఉంది. నాకు తోక కంటే ఇదే ఇష్టం.

[పిన్, జిల్లా] = వెనకనుంచి(ముక్కలు)

ఇది జనరేటర్, అడిగినప్పుడల్లా ఒక్కో విలువ ఇచ్చే రకం ఫంక్షన్. ఫంక్షన్ పక్కన నక్షత్రం గుర్తు, లోపల ఒక ఫర్ లూప్. లెంగ్త్ మైనస్ ఒకటి దగ్గర మొదలై సున్నా దాకా తగ్గుతూ, ఒక్కోదాన్ని యీల్డ్ చేస్తుంది. అంతే. ఎన్ని కావాలో సంఖ్య చెప్పనక్కర్లేదు, ఎడమ వైపు ఎన్ని పేర్లు రాస్తే అన్నే తీసుకుంటుంది. కాపీ లేదు. అర్రేలో పది లక్షల రికార్డులున్నా ముట్టుకునేది రెండింటినే, ఎందుకంటే పేర్లన్నీ నిండగానే డీస్ట్రక్చరింగ్ ఆ జనరేటర్‌ని మూసేస్తుంది. కాపీ తీసి రివర్స్ చేసే పద్ధతిలో రెండింటి కోసం పది లక్షలూ కదలాలి. తక్కువ పడే సమస్య కూడా ఇక్కడ పుట్టదు. పిన్ ఒక్కటే ఉంటే పిన్ మొదట నిండుతుంది, జిల్లా అన్‌డిఫైన్డ్ అవుతుంది. తోకలో మనం కష్టపడి కట్టినదంతా ఇక్కడ ఉత్తినే వచ్చింది, ఎందుకంటే భాష నింపే దిశా మనం చదివే దిశా ఇప్పుడు ఒకటయ్యాయి. లోటు ఒకటుంది. మూడు చుక్కలతో మిగతావి అడిగితే అవి తిరగబడి వస్తాయి. మిగతావి వరుసలో కావాలంటే తోక, వద్దంటే వెనకనుంచి.

ఈ జనరేటర్‌కి లెంగ్త్, ఇండెక్స్ ఉండాలి. సెట్‌నో మ్యాప్‌నో ఇస్తే లెంగ్త్ లేక ఏమీ రాదు, ముందుగా అర్రే ఫ్రమ్‌తో అర్రేగా మార్చుకోండి. స్ట్రింగ్‌కి లెంగ్త్ ఉంది కదా అని ఇచ్చేస్తారేమో, తెలుగుతో జాగ్రత్త. "కర్నూలు" అనే మాటని ఇచ్చి చివరిది అడిగితే "లు" రాదు. కొమ్ము ఒక్కటే వస్తుంది, పట్టుకోవడానికి అక్షరం లేని కొమ్ము. యూనికోడ్‌లో ఈ మాట ఏడు కోడ్ పాయింట్లు: క, ర, పొల్లు, న, దీర్ఘపు కొమ్ము, ల, కొమ్ము. మూడు చుక్కలతో విప్పినా అవే ఏడు. మనం అక్షరం అనుకునేది కావాలంటే ఇంటల్ సెగ్మెంటర్‌తో గ్రాఫీమ్‌లుగా, అంటే చూపుకి ఒక్క అక్షరంగా కనిపించే ముక్కలుగా, విడగొట్టి, ఆ ఫలితాన్ని అర్రే ఫ్రమ్‌తో అర్రేగా మార్చి, ఒక్కోదానిలోని సెగ్మెంట్ అనే విలువను తీసుకుని వెనకనుంచికి ఇవ్వాలి, అప్పుడు "లు" వస్తుంది. 2024లో ఫైర్‌ఫాక్స్‌కి కూడా రావడంతో ఇప్పుడు అన్ని ప్రధాన బ్రౌజర్లలో సెగ్మెంటర్ ఉంది. తెలుగు పదాల ఆటలు, అంత్యాక్షరి యాప్‌లు రాయాలనుకునేవాళ్లు దీన్ని మరిచిపోవద్దు.

మనుషుల పేర్లకు మాత్రం ఈ రెండు ఫంక్షన్లలో ఏదీ వాడకండి. ఇంటిపేరు ముందు రాసేవాళ్లున్నారు, చివర రాసేవాళ్లున్నారు, ఒక్క అక్షరంగా కుదించేవాళ్లున్నారు. ఆ డేటాలో కుదురైన వైపంటూ లేదు. చివరి ముక్కే అసలు పేరని ఊహించి "డియర్" తర్వాత పెట్టేస్తే, అవతలి మనిషిని ఇంటిపేరుతోనో కులం పేరుతోనో పిలిచినట్టవుతుంది. ఫారంలోనే రెండు గళ్లు పెట్టి అడగండి.

జావాస్క్రిప్ట్‌కి టైపులు చేర్చే టైప్‌స్క్రిప్ట్ వాడేవాళ్లు ఎవరో దీని గురించి అడిగారు. అక్కడ టైపుల్లో ఈ రూపం రాయవచ్చు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి ట్యుపుల్ టైపులో, అంటే ఏ స్థానంలో ఏ రకం విలువ ఉండాలో చెప్పే టైపులో, రెస్ట్ ముందైనా మధ్యలోనైనా పెట్టుకోవచ్చు: ఎన్ని స్ట్రింగులైనా ఉండి చివర ఒక నంబరు అని. టైపు రాయగలం, విలువలు విప్పడానికి మాత్రం అక్కడా మన ఫంక్షనే దిక్కు.

దీన్ని జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు అందరూ పంచుకునే ఎన్‌పీఎమ్‌లో ప్యాకేజీగా పెట్టాలా అని ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది. నేర్చుకోవడానికైతే పెట్టమ్మా, బాగుంటుంది. పక్కవాళ్ల ప్రాజెక్టులు దాని మీద ఆధారపడాలని మాత్రం నేను కోరుకోను. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు లైన్ల ప్యాకేజీ, స్ట్రింగ్‌కి ఎడమ వైపు ఖాళీలు నింపేది, దాన్ని రాసినాయన ఒక పేరు గొడవలో వెనక్కి తీసేసుకున్నాడు. దాని మీద నేరుగానో పరోక్షంగానో ఆధారపడ్డ బేబెల్ లాంటి పెద్ద ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఎన్‌పీఎమ్ వాళ్లే దాన్ని మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఐదారు లైన్లైతే మీ ప్రాజెక్టులోనే ఒక ఫైల్‌లో పెట్టుకోండి, పక్కనే టెస్టులు పెట్టుకోండి. లోడాష్ అనే లైబ్రరీని ఇప్పటికే వాడుతున్న ప్రాజెక్టైతే అందులో లాస్ట్, టేక్‌రైట్, డ్రాప్‌రైట్ ఉన్నాయి, కొత్తగా ఏమీ రాయొద్దు.

ఇక ల్యాబ్‌లోకి వెళ్దాం. ఇద్దరిద్దరు ఒక సిస్టమ్ దగ్గర కూర్చుని, ఒకరు తోక, ఒకరు వెనకనుంచి రాయండి. కోడ్ కంటే ముందు టెస్టులు రాయండి: ఖాళీ అర్రే, ఒక్క ముక్క ఉన్న అర్రే, ఎన్ సున్నా, ఎన్ లెంగ్త్ కంటే ఎక్కువ, చివర కామా ఉన్న అడ్రసు, ఫంక్షన్ పిలిచాక అసలు అర్రే మారిందా లేదా. ఆ చివరి టెస్టు ఎవరూ వదిలిపెట్టొద్దు. అది లేని కోడ్ నేను చూడను. కిటికీ వైపు ఉన్న సిస్టముల్లో జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ పాత వెర్షన్ ఉంది, అక్కడ ఎట్ నడవదు, లెంగ్త్ మైనస్ ఒకటి వాడుకోండి.